రాయకోట కొండమీది ఆకాశము
(కెప్టెన్ లిన్నేయస్ ట్రైప్ జీవితము)

ధర్మపురినుండి పాలకోడు మీదుగా హోసూరునకు రైలులో పోవువారికి దారిలో రాయకోట తగులును. ఊరి ప్రక్కనే ఒక పెద్ద రాతికొండయు, దానిమీద శిథిలమైన కోటగోడలును కనబడును. మన విద్యార్థులలో ఆ కొండ నెక్కినవారు కొందరుందురు. తల్లిదండ్రులలో దాని నీడన పుట్టి పెరిగినవారు నుందురు. ప్రతిదినము కంటబడు వస్తువునకు చరిత్ర యున్నదని మనకు సాధారణముగా తోచదు. కాని 1858లో మద్రాసునందు ఈ ఊరి పేరే శీర్షికగా ఒక ఛాయాచిత్రముల సంపుటము వెలువడినది. రాయకోటయు, నాటి సేలము జిల్లాలోని మరికొన్ని స్థలములును అందలి విషయము. ఆ చిత్రములను తీసినవాడు లిన్నేయస్ ట్రైప్ అను ఆంగ్లేయ సైనికోద్యోగి.

కొండను చిత్రించుటయే కష్టమనియు, దాని వెనుకనున్న ఆకాశము దానంతటదియే వచ్చి పడుననియు మనమనుకొందుము. ట్రైప్ కాలమున సంగతి దీనికి తలక్రిందులుగా నుండెను. ఎన్నడును కదలని కొండ చిత్రమున చక్కగా పడెను. అందరి తలలమీదను పరచుకొనియున్న ఆకాశము మాత్రము పడకుండెను. పడని ఆకాశముతో అతడెట్లు వేగెనో తెలిసికొన్నవారికి పాత చిత్రములనే గాక, నేటి చిత్రములను చూచు విధము కూడ తెలియును. అందుచేత ఆ మహాశయుని చరిత్రమును ఇందు సంగ్రహముగా వ్రాయుచున్నాను.

ట్రైప్ 1822వ సంవత్సరము ఏప్రిల్ 14వ తేదీన ఇంగ్లండు దేశమున డెవన్ సీమలోని డెవన్‌పోర్టునందు జన్మించెను. అది ఓడరేవు. సముద్రము దాటి పోవు నౌకలను చూచుచు పెరిగిన పిల్లవాడు పదియారు పదియేడేండ్ల ప్రాయముననే కుంఫిణీవారి సైన్యమున చేరి మన దక్షిణ దేశమునకు వచ్చెను. మద్రాసు సైన్యములోని 12వ దేశీయ పదాతిదళము అతని దళము. పెక్కు సంవత్సరములు అందరు సైనికోద్యోగులవలెనే కాలము గడపెను. తరువాత సెలవుమీద స్వదేశమునకు పోయినప్పుడు, అప్పటికి పుట్టి పదునైదేండ్లయినను నిండని ఛాయాచిత్రణ విద్య అతని మనస్సు నాకర్షించెను. ఆ విద్యను నేర్చుకొని, 1853లో లండనునందు క్రొత్తగా నేర్పడిన ఛాయాచిత్రణ సంఘమున సభ్యుడయ్యెను. 1854లో కెమెరాతోకూడ బెంగుళూరునకు తిరిగి వచ్చెను.

ఆ సంవత్సరాంతముననే అతడు మైసూరు రాజ్యములోని హళేబీడు, బేలూరులకు పోయి, హొయసల రాజుల దేవాలయములను చిత్రములుగా తీసెను. అది ప్రభుత్వము పంపగా చేసిన పనికాదు. సొంత అభిలాషతో చేసినది. 1855లో మద్రాసునందు జరిగిన ప్రదర్శనమున ఆ చిత్రములుంచబడి, పరీక్షకుల మెప్పును, బహుమానమును పొందెను. ఈ విధముగా ఒక సైనికుడు ఛాయాగ్రాహకుడుగా పేరు గాంచెను.

ఇచ్చట ఆ కాలపు పనితీరును కొంచెము వివరింపవలెను. ట్రైప్ ముఖ్యముగా కాగితముపైననే చిత్రములు తీసెను. పలుచని మేలైన కాగితమునకు మైనము పట్టించి, వెండి లవణములతో తడిపి, ఆరబెట్టి, కెమెరాలోనుంచి వెలుగు సోకనిచ్చువారు. వెలుగు తగిలినచోటు నల్లబడును. తగులనిచోటు తేటగా నుండును. దీనినే నెగటివు అందురు. నెగటివును మరియొక కాగితముపైనుంచి ఎండలో పెట్టినచో, నలుపు తెలుపై, తెలుపు నలుపై అసలు దృశ్యము వచ్చును. ట్రైప్ కాగితములు సుమారు 12 అంగుళముల వెడల్పు, 15 అంగుళముల పొడవు గలవి. పెద్ద చిత్రమును చిన్న నెగటివునుండి పెంచుట నాడు వాడుకలో లేకుండుటచే కెమెరాయే అంత పెద్దదిగా నుండవలసివచ్చెను. దానిని మోయుటకు ఎద్దుబండ్లు కావలసియుండెను.

ఆ వెండి లవణముల కొక లోపము కలదు. మన కంటివలె అవి అన్ని రంగులను సమముగా చూడవు. నీలికాంతి వానికి మిక్కిలి వెలుగు. ఎఱుపు, పసుపు, ఆకుపచ్చ వర్ణములు దాదాపు చీకటి. మన సీమలోని కొండను తలచుకొనుడు. క్రింద ఎఱ్ఱనేల, దానిపై పచ్చని చెట్లు, నడుమ గోధుమవన్నె రాయి, పైన నీలాకాశము. నేలకును రాతికిని చాలినంత వెలుగు పడువరకు కెమెరా తెఱచియుంచినచో, అప్పటికి ఆకాశమునకు కావలసినదానికన్న ఎన్నోరెట్లధికముగా వెలుగు తగిలియుండును. నెగటివులో ఆకాశమంతయు నల్లని ముద్దయగును. అచ్చులో తెల్లని శూన్యమగును. అదియైనను సమముగా రాదు. కాగితపు నారలోని హెచ్చుతగ్గులచే మచ్చలు మచ్చలుగా వచ్చును.

మరి మేఘముల సంగతి ఏమి? కాగితమునకు కొన్ని నిమిషములపాటు వెలుగు కావలెను. కొండ నిలుచును గాని మబ్బు నిలువదు. అది కదలినంతమేర చెరగిపోవును. దూరపు కొండల కింకొక చిక్కు కలదు. దూరము హెచ్చినకొలది మనకును కొండకును నడుమ గాలిలోని నీలిఛాయ హెచ్చును. కంటికి అందముగా తోచు ఆ నీలిమయే వెండి లవణములకు వెలుగై, దూరపు కొండలను ఆకాశములో కలిపివేయును. వరుస వెనుక వరుసగా కొండలున్న మన బారామహలు సీమను చిత్రింపబూనినవానికి ఇంతకన్న పెద్ద అవరోధ మేమున్నది?

ఆకాశము లేకపోయిన నష్టమేమని మీరడుగవచ్చును. కొండ యెంత ఎత్తో మనకు చెప్పునది దాని వెనుకనున్న ఆకాశమే. వెలుగు ఏ దిక్కునుండి వచ్చుచున్నదో, అది ఉదయమో మధ్యాహ్నమో, వానకు ముందో వెనుకనో తెలుపునదియు ఆకాశమే. వట్టి తెల్లని శూన్యమునకెదుట నిలిపిన కొండ, కాగితమును కత్తిరించి అంటించిన బొమ్మవలె నుండును. దానికి బరువు లేదు, వేళ లేదు, ఋతువు లేదు. నాటి ఛాయాగ్రాహకులందరును ఈ లోపము నెరిగినవారే. కొందరు నెగటివులోని ఆకాశభాగమును నల్లని సిరాతో పూర్తిగా కప్పి, మచ్చలు లేని తెల్లదనమును సంపాదించి తృప్తిపడిరి. ట్రైప్ అంతటితో నిలువలేదు.

1855లో అతనికి గొప్ప అవకాశము లభించెను. 1852 యుద్ధానంతరము దిగువ బర్మాను ఆంగ్లేయు లాక్రమించియుండిరి. గవర్నరు జనరలు డల్హౌసీ ప్రభువు బర్మా రాజగు మిండన్ కొలువునకు ఆర్థర్ ఫేర్ నాయకత్వమున ఒక రాయబారమును పంపెను. హెన్రీ యూల్ దానికి కార్యదర్శి. ట్రైప్ ఛాయాగ్రాహకుడుగా వెంట వెళ్ళెను. ఆగస్టు మొదలు నవంబరు వరకు ఐరావతీ నదిమీద పయనము, అది వానకాలము. కాగితములు చెడెను, వెలుగు చాలకుండెను, ఆరోగ్యమును సరిగా నుండలేదు. అయినను పగాను శిథిలములను, రాజధానియగు అమరపురమును, నదీతీరములను చూపు రెండువందలకు పైగా నెగటివులతో తిరిగి వచ్చెను. బెంగుళూరులో వానినుండి 120 చిత్రములను ఏర్చి, ఒక్కొక్కదానికి 50 ప్రతులు సిద్ధముచేసెను. అనగా ఆరువేల అచ్చులు! ప్రతి అచ్చును చేతితో చేయవలసిన కాలమది.

ఈ బర్మా చిత్రములలో పెక్కింటియందు మేఘములు కనబడును. వానిని కెమెరా చూడలేదు. ట్రైప్ తన చేతితో వేసెను. నెగటివుమీద రంగు నద్దినచోటు అచ్చులో తెల్లబడునుగదా. కావున తెల్లని మబ్బు కావలసినచోట అతడు నల్లగా పూయవలెను. కుంచె పట్టిన ప్రతిసారియు తాను చేయుదానికి సరిగా విరుద్ధమైన ఫలితము నూహించుకొనుచుండవలెను. చెట్లయాకులు నల్లని ముద్దగా వచ్చినచోటులనుకూడ ఇట్లే కొంచెము దిద్దెను. అది యెంత జాగ్రత్తతో చేయబడినదనిన, తెలిసినవారు చూపినగాని చూపరులకు తెలియదు.

1856లో మద్రాసు ప్రభుత్వమువా రతనిని తమ ఛాయాగ్రాహకుడుగా నియమించిరి. దక్షిణదేశమునందలి ప్రాచీన కట్టడములను, ప్రసిద్ధ స్థలములను అవి చెడిపోకముందే చిత్రములలో భద్రపరచుట ఆ పనియొక్క ఉద్దేశము. ఉత్తర హిందూస్థానము తిరుగుబాటుతో అట్టుడికినట్లున్న 1857వ సంవత్సరపు డిసెంబరులో ట్రైప్ తన సామగ్రిని బండ్లకెక్కించి బెంగుళూరు విడిచెను. రాయకోట, సేలము సీమ, శ్రీరంగము, తిరుచిరాపల్లి, పుదుక్కోట, మధుర, తంజావూరు మొదలగు స్థలములను చిత్రించుచు, 1858 ఏప్రిలు నాటికి మద్రాసు చేరెను.

ప్రభుత్వముచేత పంపబడిన ఉద్యోగి రాయకోట కొండపై దృష్టి నిలుపుట వింతకాదు. 1791లో మైసూరు యుద్ధమున ఆంగ్లేయ సేనలు ఈ కోటను టిప్పూ సుల్తానునుండి పట్టుకొనెను. మరుసటి సంవత్సరము శ్రీరంగపట్టణపు సంధితో బారామహలు కుంఫిణీవారి వశమయ్యెను. కోట వారికి విజయచిహ్నము. ట్రైప్ వచ్చునాటికి ఆ యుద్ధము ముగిసి అరువది యేండ్లు దాటియుండెను. ఎఱ్ఱనేల, రాతికొండ, నీలాకాశము కలిసిన ఇట్టి స్థలమున పైన చెప్పిన చిక్కులన్నియు ఒక్కచోట కూడును. అయినను కొండరాతియొక్క నెఱ్ఱెలవరకు స్పష్టముగా చూపగల పెద్ద కాగితములతో అతడు పనిచేసెను. సంపుటము శీర్షికలో ఈ ఊరిపేరు ఆంగ్లాక్షరములలో ‘ర్యాకోట్టా’ అని అచ్చయినది. నేటికిని బ్రిటిషు లైబ్రరీవంటి సంస్థలలో మన కొండ ఆ పేరుతోనే నిలిచియున్నది.

తంజావూరున అతడు చేసిన పని యొకటి చెప్పదగియున్నది. బృహదీశ్వరాలయపు అధిష్ఠానముమీది తమిళ శాసనమును తుదినుండి తుదివరకు 21 చిత్రములుగా తీసి, వరుసగా అంటించి, సుమారు 19 అడుగుల పొడవుగల ఒకే చిత్రముగా కూర్చెను. తనకు రాని భాషలోని అక్షరములను ఒక్కటియు విడువకుండ పట్టుకొనవలెనను శ్రద్ధ అందు కనబడును. తెలుగువారమగు మన మతనికి ప్రత్యేకముగా ఋణపడిన విషయ మింకొకటి కలదు. వాల్టర్ ఇలియట్ 1845లో కృష్ణాతీరమునందలి అమరావతీ స్తూపమువద్ద త్రవ్వించి మద్రాసునకు పంపిన శిల్పములను ట్రైప్ 1858లో మద్రాసు మ్యూజియమున చిత్రములుగా తీసెను. 1859లో అందు చాలభాగము లండనునకు తరలింపబడెను. అవి మన దేశము విడుచుటకు ముందటి రూపము ట్రైప్ చిత్రములవలన మనకు దక్కినది.

ఇంత జరిగినను ఆ ఉద్యోగము నిలువలేదు. తిరుగుబాటు ముగియునప్పటికి ఖజానా వట్టిపోయెను. కుంఫిణీ పాలన 1858లో అంతరించెను. 1859లో మద్రాసు గవర్నరుగా వచ్చిన సర్ చార్లెస్ ట్రెవెల్యన్ ఛాయాచిత్రణమును ప్రభుత్వము భరింపదగని విలాసముగా నెంచి, ఆ పని నాపించెను. 1860 నాటికి కార్యాలయము మూతపడెను. ట్రైప్ మరల సైనికవృత్తిలో ప్రవేశించెను. చేసినపని పదుగురు మెచ్చుచుండగనే చేతినుండి జారిపోవుట ఎంతటివానికైనను బాధాకరము. అప్పటి కతనికి నలువది యేండ్లును నిండలేదు. తరువాత అతడు తీసిన చిత్రములు కొలదిమాత్రమే. సైన్యమున పెద్ద హోదాపొంది విశ్రాంతి తీసికొని, తాను పుట్టిన డెవన్‌పోర్టుననే 1902 మార్చి 2వ తేదీన కన్నుమూసెను. అతని పేరు చాలకాలము మఱుగుపడియుండి, మరల వెలుగునకు వచ్చెను. 2014, 2015 సంవత్సరములలో వాషింగ్టన్, న్యూయార్కు, లండను నగరములందు అతని చిత్రముల ప్రత్యేక ప్రదర్శనము జరిగెను.

ఇప్పుడొక ధర్మసందేహము. చూడని మేఘమును చిత్రమున వేయుట అసత్యము కాదా? ప్రభుత్వమువారు యథార్థమును భద్రపరుపుమని పంపగా, అతడు మబ్బులను కల్పింపవచ్చునా?

ఈ ప్రశ్నకు తొందరపడి ఉత్తరము చెప్పరాదు. తెల్లని శూన్యాకాశమును అసత్యమే. అట్టి ఆకాశమును ఎవ్వరును చూచియుండరు. మచ్చలతో కూడిన ఆకాశమును అసత్యమే. ఆ మచ్చలు కాగితమువి. కుంచెతో వేసిన మబ్బును అసత్యమే. మూడింటిలో ఏదో యొకదానిని ఎన్నుకొనక తప్పని స్థితిలో అతడుండెను. అదే కాలమున ఫ్రాన్సు దేశమున గుస్తావ్ లె గ్రే అను ప్రసిద్ధుడు సముద్రమునకొక నెగటివు, ఆకాశమునకొక నెగటివు తీసి రెంటిని ఒక అచ్చులో కలుపుచుండెను. ఒక్కొక్కప్పుడు ఒకే ఆకాశము అతని వేర్వేరు సముద్రములపై కనబడును. 1863 తరువాత హిమాలయములను చిత్రించిన శామ్యూల్ బోర్న్, 1866లో పదునెనిమిది వేల అడుగులకు పైబడిన మణిరంగు కనుమవరకు గాజుపలకలను మోయించుకొని పోయెను. అంత యెత్తునకు పోయినను అతని పలకలకును నీలిరంగు చిక్కు తప్పలేదు. 1873లో జర్మనీ దేశీయుడగు హెర్మన్ ఫోగెల్, కొన్ని రంగులు కలిపినచో పలకకు ఆకుపచ్చ, పసుపు కాంతులును తగులునని కనుగొనెను. ఆ మార్గముననే ఇరువదవ శతాబ్దారంభమున అన్ని వర్ణములను చూడగల పలకలు వచ్చెను. పసుపుపచ్చని గాజును కెమెరాకన్నుకు అడ్డముంచినచో నీలాకాశము నల్లబడి, తెల్లని మేఘము తేటపడెను. కొండయు ఆకాశమును ఒకే చిత్రమున నిలుచుట కిట్లు చాల యేండ్లు పట్టెను.

కావున నా మట్టుకు తోచునదేమనగా, ట్రైప్ తప్పుచేసెనా లేదా యనుటకన్న, ఎచ్చట చూపు ముగిసి చేయి మొదలయ్యెనో తెలిసికొనుట మనకు ముఖ్యము. అతని రాయి నమ్మదగినది. అతని శాసనము నమ్మదగినది. ఆకాశమును మాత్రము ప్రశ్నించి చూడవలెను. ఒక చిత్రములో ఒకచోట చేయిపడినదని తెలిసినంతమాత్రాన తక్కినదంతయు పారవేయరాదు. రాయి నిజముగా నున్నదని పైనున్న మబ్బును నమ్మనురాదు. చరిత్ర గ్రంథములను చదువుటకును ఇదియే పద్ధతి.

విద్యార్థులారా, ఇది పాతకథయని విడువకుడు. మీ యిండ్లలోని చేతిఫోనులు ఒక్క క్షణములో వెలుగు హెచ్చుతగ్గులతో పలుచిత్రములను తీసి, ఆకాశమును ఒకదానినుండి, నేలను వేరొకదానినుండి తీసికొని కలిపి చూపును. వేలితో తాకినంతనే ఒక ఊరి ఆకాశమును తీసి వేరొక ఆకాశమును పెట్టు సాధనములును వచ్చినవి. ట్రైప్ వారములకొలది శ్రమించి చేసినదానిని నేడు యంత్రము మనల నడుగకయే చేయుచున్నది. తాను దిద్దుచున్నట్లు ట్రైప్‌నకు తెలియును. మనకు మాత్రము తెలియుటలేదు.

తల్లిదండ్రులకును ఒక విన్నపము. ట్రైప్ చిత్రములలో కొండయున్నది, కోటయున్నది, అచ్చుపేరున్నది. కాని ఆ కొండక్రింద నాడు బ్రతికిన మన పెద్దలు దానిని గురించి యేమనుకొనిరో, ఏ బండ నేమని పిలిచిరో, ఏ దిక్కున మబ్బు పట్టినచో వాన వచ్చునని లెక్కించిరో అందులేదు. 1965లో ధర్మపురి జిల్లా యేర్పడినప్పుడు రాయకోట అందు చేరెను. 2004లో కృష్ణగిరి జిల్లా వేరుపడగా దానిలో కలిసెను. జిల్లాలు మారును, పేర్లు మారును. పెద్దలు చెప్పగా వ్రాసి యుంచినది మాత్రమే మిగులును. మీ పిల్లలకు ఆ మాటలు తెలుగున చెప్పుడు, వారిచే వ్రాయింపుడు.

ఈ సెలవులలో ప్రతి విద్యార్థియు తన ఊరి కొండను ఒక చిత్రముగా తీయవలెను. దానిక్రింద కొండపేరు, తేదీ, వేళ వ్రాసి, ఆనాడు ఆకాశము నిజముగా ఎట్లుండెనో రెండు వాక్యములలో తెలుపవలెను. మబ్బున్నచో ఉన్నదనియు, లేనిచో లేదనియు వ్రాయుడు. నూటయరువది యేండ్ల తరువాత ఆ కొండను చూడగోరువారికి, ట్రైప్ ఎంత శ్రమించియు చూపలేకపోయిన ఆకాశము మీ రెండు వాక్యములలో దొరకును.